సూరత్ పాప

బమ్రోలి, సూరత్
9 జూన్ 2024

అల్లుడు వంశీధర్‌ను నీ మామ అంబదాస్ దూరం నుంచే వీపు తట్టి అడిగేది,

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. కాగితం తీసి, పెన్ను విదిలించి, మళ్లీ రెండూ లోపల పెట్టేశాను. హైదరాబాదులో అద్దాల గదిలో కూర్చుని టీవీ బొమ్మలకు మాటలు రాసేవాడికి, బమ్రోలి సందులోంచి చెవిటి మామ రాసే మాటలేం ఆనతాయి అనిపించింది. అయితే మధ్యాహ్నం మీ అత్తమ్మ కనకవ్వ చారులో ఉప్పు మరిచిపోయింది. అడిగితే, "పొద్దుగాల మీ చెల్లె ఫోన్ల ఏడ్సింది. నా మనసు మనసుల లేదు" అంది. చప్పటి చారు తాగాక ఇక రాయక తప్పలేదు.

ఫోన్ నాకు పనికిరాదని నీకు తెలుసు. సాంచాల మధ్య నిలబడి చేసిన బతుకు నాది. ఆ మరమగ్గాల దడదడ నా చెవులను జీతంలో కోతగా పట్టుకుంది. అందుకని సిరిసిల్లలో నా చెల్లెలు, అంటే మీ అమ్మ భాగ్యలక్ష్మి, ఏడ్చిన ఏడుపు ఫోన్లో మీ అత్తమ్మకు చేరి, ఆమె పెదాల మీదుగా నాకు చేరింది. దారిలో ఎంత ఒలికిందో తెలియదు. నాకు అందినంత రాస్తున్నాను, తప్పైతే దిద్దు. మీ తూనీగ టీవీని పిల్లలు చూడటం మానేశారు. పెద్ద పిల్లలు ఫోన్లలో పడ్డారు, చిన్న పిల్లలు పెద్ద పిల్లల భుజాల మీదుగా అవే ఫోన్లలో పడ్డారు. దీపావళి లోపల చూసేవాళ్లు పెరగకపోతే తెలుగు విభాగాన్ని ఎత్తేస్తారు. దానితోపాటు నీ ఉద్యోగమూ పోతుంది.

ఇది నీ ఒక్కడి నష్టం కాదు. నా మనవరాలు భావన బడిలో గుజరాతీ చదువుతుంది, సందులో హిందీ ఆడుతుంది. దాని అమ్మానాన్నలు, మా సంపత్, సుమన, పొద్దున పోయి దీపాల వేళకు వస్తారు. ఇంటికొచ్చాక వాళ్ల నోట వచ్చేది ఆవలింత. కాబట్టి ఆ పిల్లకు కుదురుగా తెలుగు చెప్పేది మీ తూనీగ ఒక్కటే. పోయిన ఆదివారం అందరం డుమస్ సముద్రం దగ్గరికి టమాటా భజియాలు తినడానికి బయలుదేరాం. మీ అత్తమ్మ ఇంకా కొంగు సర్దుకుంటోంది. భావన ముందుకొచ్చి, "నానమ్మా, నన్ను మన్నించు. సమయం మించిపోతోంది. మనం తక్షణం బయలుదేరాలి!" అంది. మీ అత్తమ్మ నోరు తెరిచింది.

"సుమనా, ఏందే గిది? నీ బిడ్డ హరికథ చెప్తాంది!"

అక్కడ భజియాల బండి వాడితో చక్కగా గుజరాతీలో బేరమాడిన పిల్ల, ప్లేటు మీదికి కాకి రాగానే మా వైపు తిరిగి, "మిత్రులారా, శత్రువు సమీపించాడు!" అంది. అవి నువ్వు రాసిన మాటలని తెలిసి నాకు గర్వంగానే ఉంది. చిన్న సందేహం కూడా ఉంది. అది ఏ జిల్లా తెలుగు?

అది అలా ఉంచు. నలుగురు చూస్తే నీ కొలువు నిలబడుతుందంటే, నలుగురిని టీవీ ముందు కూర్చోబెట్టడం నాకెంతసేపు? ఏ బొమ్మ ఏ వేళకు వస్తుందో రాయి. మరిచాను, ఈ మధ్య ఇద్దరు మనుషులు వచ్చి మా టీవీ పక్కన నల్లటి డబ్బా ఒకటి బిగించి పోయారు. ఎవరికీ చెప్పొద్దన్నారు గనక నీకు కూడా చెప్పడం లేదు.

ఉప్పు కోసం ఎదురుచూస్తూ,
నీ మామ అంబదాస్


హైదరాబాద్
21 జూన్ 2024

మామకు దండాలు,

నీ ఉత్తరం ఆఫీసు చిరునామాకు వచ్చింది. తపాలా మనిషి దాన్ని పట్టుకుని అంతస్తులన్నీ తిరిగాడు. ఏదో లాయరు నోటీసు అనుకుని మా వాళ్లు ముందు భయపడ్డారు. చేతిరాత ఉత్తరం చూసి మరింత భయపడ్డారు.

అమ్మ చెప్పింది నిజమే. మా విభాగానికి పెద్ద ఉమాకాంత్ గారు. ఆయన పిల్లలను చూసేది గోడ మీద వేసే పట్టికల్లో. పట్టికలో పిల్లలు తగ్గితే ఆయనకు ముద్ద దిగదు. మనసు చెడ్డది కాదు, కానీ నిజం పిల్ల ఎదురుగా వచ్చి నిలబడితే ఆ పిల్ల ఏ గడిలోకి వస్తుందో వెతుకుతారు.

ఏ జిల్లా తెలుగని అడిగావు. ఏ జిల్లాదీ కాదు మామా, నోటి కొలతకు కోసిన తెలుగు. నేను రాసే 'అగ్నిదళం' కొరియా నుంచి వచ్చిన బొమ్మ. బొమ్మ నోరు ఎంతసేపు ఆడితే అంతసేపు మాట ఉండాలి. వాడు నోరు పొడవుగా ఆడించాక నేను "పద" అని రాస్తే, మిగిలిన నోరు ఖాళీగా ఆడుతుంది. అందుకని "తక్షణం బయలుదేరాలి" అవుతుంది. అత్తమ్మకు నా తరఫున క్షమాపణ చెప్పు. "పోదాం పా" అని రాయాలని నాకూ ఉంటుంది.

ఆదివారం తప్ప రోజూ పొద్దున తొమ్మిదికి అగ్నిదళం. దాని తర్వాత 'గున్నయ్య' అని ఒక ఏనుగు పిల్ల బొమ్మ. దాంట్లో మాటలు లేవు. చౌకగా దొరికింది గనక సందులు పూడ్చడానికి వేస్తాం. సాయంత్రం పెద్ద పిల్లల కార్యక్రమాలు.

నలుగురిని కూర్చోబెడతానన్నావు, సంతోషం. అయితే లెక్కకు వచ్చేది అందరి చూపూ కాదు. దేశంలో కొన్ని ఇళ్లలోనే కొలిచే యంత్రాలు ఉంటాయట. అలాంటి ఒక్క ఇల్లు వేల ఇళ్లకు సమానం. అవి ఎవరి ఇళ్లో మాకు తెలియకూడదు, తెలుసుకుంటే నేరం. అయినా మీరు చూస్తున్నారంటే నాకు రాయబుద్ధవుతుంది. మీ ఇంట్లో పెట్టింది కేబుల్ వాడి కొత్త డబ్బా. ఇక్కడ కూడా అందరికీ మారుస్తున్నారు. అందులో రహస్యమేమీ లేదు.

కొలతలకు మాటలు కోసుకునే
నీ అల్లుడు వంశీధర్


బమ్రోలి
14 జూలై 2024

అల్లుడికి, ఇంటి నిండా జనంతో మామ రాసేది,

నేను నలుగురినే అనుకున్నాను. ఇప్పుడు మా ముందు గదిలో రోజూ పొద్దున చెప్పులు విడవడానికి చోటు లేదు.

జరిగింది చెబుతాను. నాతోపాటు సాంచాలు నడిపిన నాగభూషణం నీకు గుర్తున్నాడా? చిన్నప్పుడు నీ పెళ్లాం ఎవరని అడిగి ఏడిపించేవాడు, పెద్ద మీసాలు. వాడింకా రాత్రి పాలీకి, అదే రాత్రి షిఫ్టుకి, పోతున్నాడు. పాలీ దిగి వచ్చినవాళ్లకు వెంటనే నిద్ర పట్టదు, ఒళ్లు ఇంకా సాంచాలతోపాటు ఊగుతూ ఉంటుంది. మా ఇంటి ముందే చాయ్ తాగుతారు. నేను వాళ్లతో, "మా అల్లుని నౌకరి సవాల్ రా భాయ్. చాయ్ లోపల తాగుండ్రి" అన్నాను. అందరూ వచ్చారు. మన మనుషులు చాయ్‌కి పిలిస్తే ఎక్కడికైనా వస్తారు.

ముందు నీ అగ్నిదళం. అల్లుడూ, మేమెవరమూ చెవులతో వినం. కార్ఖానాలో పని చేసినవాళ్లందరికీ పెదాలు చదవడం వచ్చు. అంత దడదడలో మేస్త్రి తిట్టే తిట్టు అవతలి కొస నుంచి అక్షరం పోకుండా అందుకుంటాం. సరే, ఆ బొమ్మ పిల్లాడు నోరు తెరిచాడు. అందరం ముందుకు వంగాం. వాడు మాట్లాడాడు, మాకు ముక్క అర్థం కాలేదు.

"మరాఠీ అనుకుంట," అన్నాడు నాగభూషణం.

"మరాఠీ ఐతె నాకు తెల్వదారా? గిది ఒరియా," అన్నాడు ఇంకొకడు. పక్క గదిలోని ఒరియా మనిషిని పిలిపించాం. అతను కాసేపు చూసి, తెలుగు అయి ఉంటుందని చెప్పి వెళ్లిపోయాడు.

ఇక ఎవరూ కూర్చోలేదు. అప్పుడు ఆ గున్నయ్య వచ్చాడు. వాడు కుండలో తొండం పెట్టాడు, అది ఇరుక్కుంది. వాడు గుంజుతాడు, రాదు. కుండతోనే పెళ్లికి పోతాడు. ఒక్క మాట లేదు. అల్లుడూ, నాగభూషణం నవ్విన నవ్వుకు కట్టుడు పళ్లు ఊడి చాయ్ గ్లాసులో పడ్డాయి. వాడి పెళ్లాం పోయాక వాడట్లా నవ్వడం నేను చూడలేదు.

అప్పటి నుంచి పద్ధతి ఏర్పడింది. రాగానే టీవీ వేస్తారు. నీ అగ్నిదళం వచ్చేటప్పుడు మెయిన్ స్విచ్ కట్టేసి చాయ్ తాగుతారు, గున్నయ్య వేళకు మళ్లీ వేస్తారు. నువ్వు నొచ్చుకోకు. ఏ సాంచ మీద నేసినా బట్ట ఒకే సేఠ్‌ది కదా, మీ తూనీగ అంతా ఒకటే కదా అని నేను ఊరుకున్నాను. వానలకు మా సందు మోకాళ్ల లోతు అయినా మన ప్రేక్షకులు ప్యాంట్లు మడిచి వచ్చారు.

జనసమేతంగా,
నీ మామ అంబదాస్


హైదరాబాద్
5 ఆగస్టు 2024

మామా, దండాలు. నవ్వాలో ఏడవాలో తెలియక రాస్తున్నాను.

మా లెక్కలు లేచాయి! అదీ ఎక్కడ? మీ సూరత్‌లో. పోయిన నెల పట్టిక చూసి ఉమాకాంత్ గారు కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చున్నారు. యంత్రం ఉన్న ఏదో ఇంట్లో తొమ్మిదేళ్ల ఆడపిల్ల ఒకతి రోజూ పొద్దున తూనీగ పెడుతోంది. సూరత్‌లో తెలుగు పెట్టే యంత్రం ఇల్లు అదొక్కటే గనక, లెక్క ప్రకారం అక్కడి తెలుగు పిల్లలంతా మమ్మల్నే చూస్తున్నట్టు. ఆ పిల్ల పేరు, ఇల్లు ఎవరికీ తెలియదు. ఆఫీసులో అందరూ 'సూరత్ పాప' అంటున్నారు. అట్టముక్కతో ఆమె బొమ్మ చేయించి, రెండు జడలు, రిబ్బన్లు పెట్టి మీటింగు గదిలో నిలబెట్టారు. ఎవరేం చెప్పినా ఉమాకాంత్ గారు ఆ అట్ట వైపు తిరిగి, "దీనికి సూరత్ పాప ఏమంటుంది?" అని అడుగుతారు. అది ఏమీ అనదు. అదే ఆయనకు నచ్చింది.

బడి వేళలో ఇంట్లో ఎందుకుంటోందని పెద్ద చర్చ జరిగింది. జబ్బు పిల్ల అని ఒకరు, బడికి పంపని మేధావుల బిడ్డ అని ఒకరు. చివరికి రెండూ అని రాసుకున్నారు. గున్నయ్య బొమ్మ ఉన్న టిఫిన్ డబ్బాలు చేసే కంపెనీ ఒకటి వచ్చి ప్రకటనలకు డబ్బు కట్టింది.

ఇక నా సంగతి. పాప చూసేది గున్నయ్యనే. నా అగ్నిదళం రాగానే టీవీ ఆర్పేస్తోంది. ప్రతిరోజూ, తప్పకుండా. పట్టికలో నా మాటలు మొదలయ్యే చోట గీత నిలువుగా నూతిలో పడ్డట్టు పడుతుంది. ఉమాకాంత్ గారు అందరి ముందూ చెప్పారు: "ఈ తరం సున్నితమైనది వంశీ. వాళ్లకు మాటల బరువు అక్కర్లేదు." వినాయక చవితి నుంచి అన్ని బొమ్మల్లోనూ మాటలు సగం చేయమన్నారు. పాప మనసు మారకపోతే దీపావళికి మొత్తం తీసేస్తారు. మాటలు లేని చోట మాటలు రాసేవాడితో పనేముంది?

నువ్వు కూర్చోబెట్టిన పెద్దమనుషులు లెక్కలోకి రాకపోయినా నాకు వాళ్లే గుర్తొచ్చారు. మీ ఊరి పిల్లలకు మాటలంటే ఎందుకంత కోపమో భావనను అడిగి రాయి.

సగం మాటలతో,
వంశీధర్


బమ్రోలి
25 ఆగస్టు 2024

అల్లుడికి ధైర్యం చెబుతూ, ఆ పాప మీద కోపంతో మామ రాసేది,

నీ ఉత్తరం చదివి నాకు నిలువునా మండింది. ఎవరీ పిల్ల? బడికి పోదు, మా అల్లుడు కష్టపడి రాసిన మాటలు రాగానే టీవీ ఆర్పేస్తుందా? పట్టుకుని నాలుగు మంచి మాటలు చెబుదామని వెతకడం మొదలుపెట్టాను.

బమ్రోలిలో ఇల్లిల్లూ అడిగాను. మన పద్మశాలి సంఘంలో చెప్పి పెట్టాను. అమ్రోలిలో బ్యాంకు ఉద్యోగి వరప్రసాద్ గారి చిన్నమ్మాయికి జ్వరమని, ఇంట్లోనే ఉంటోందని తెలిసి తాపీ నది దాటి, బస్సు మారి, బిస్కెట్ల పొట్లం పట్టుకుని పోయాను. మంచి మనుషులు, ఉప్మా పెట్టారు. ఆ పిల్ల టీవీ చూడదట, పుస్తకం చదువుతుందట. ఎందుకొచ్చానో చెప్పడానికి చాలాసేపు పట్టింది. పాపను బడికి పంపమని నేను చెబుతుంటే వాళ్లు నన్ను బడి నుంచి వచ్చిన మనిషి అనుకున్నారు.

నాగభూషణం కూడా వెతుకుతున్నాడు. వాడు మీ టీవీలో ప్రకటన చూసి గున్నయ్య టిఫిన్ డబ్బా కొన్నాడు. కార్ఖానాకు అందులోనే రొట్టె పట్టుకుపోతున్నాడు. మిగతావాళ్లూ కొన్నారు. "అల్లుని కంపిని సరుకు, మనం గాకపోతె ఎవలు కొంటరు?" అంటాడు.

భావనను అడిగాను. ఆ వేళకు అది బడిలో ఉంటుంది గనక దానికేమీ తెలియదు. ఇక ఆ నల్ల డబ్బా సంగతి. దాన్ని కేబుల్ డబ్బా అని నువ్వు తేలిగ్గా తీసేశావు గనక చెప్పక తప్పడం లేదు. అది మన సాంచకు ఉండే మీటరు లాంటిది. సాంచ నడిచినకొద్దీ ఎంత బట్ట నేశామో మీటరు తనే కొలవదూ? ఇది టీవీ ఎంతసేపు నడిచిందో కొలుస్తుంది. కరెంటు వాళ్లదేమో. దాంతో ఇచ్చిన రిమోటు మీద బొత్తాలున్నాయి, ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో నంబరు రాసుకుని పోయారు. ఆ రోజు ఇంట్లో ఉన్నది నేను, భావన. వాళ్లు గుజరాతీలో చెప్పినదంతా అది నాకు మీ తెలుగులో చెప్పింది: "తాతా, ఇది అత్యంత రహస్యం! ఎవరి సంకేతాన్ని వారే నొక్కాలి!" నేను అది మీ అగ్నిదళం ముక్క అనుకుని నవ్వి ఊరుకున్నాను. భావన తన నాలుగో నంబరు నొక్కింది. అప్పటి నుంచి టీవీ వేయగానే నాలుగే వెలుగుతుంది. ఎవరమూ ముట్టుకోలేదు. నీకు తెలుసుగా, సాంచల వాళ్లకు మీటరు అంటే కూలి. ఒకరి మీటరు మీద ఇంకొకడు చేయి పెడితే దొంగతనం కింద లెక్క. పిల్లదైనా సరే, దాని నంబరు దానిదే.

ఆ పాపను మాత్రం వదలను.

పట్టుదలతో,
అంబదాస్ మామ


హైదరాబాద్
5 సెప్టెంబర్ 2024

మామా,

కూర్చుని చదువు. ఆ పాప నువ్వే. నువ్వు, నాగభూషణం మామ, మీసాలు, బీడీలు, కట్టుడు పళ్లు, అన్నీ కలిపి సూరత్ పాప.

అది కరెంటు వాళ్ల మీటరు కాదు. నేను చెప్పిన కొలిచే యంత్రం అదే. భావన నంబరు వెలుగుతోంది గనక, మీరు చూసిందంతా తొమ్మిదేళ్ల పిల్ల చూసినట్టు రాసుకుంటోంది. మీరు చాయ్ తాగడానికి స్విచ్ కట్టేసినప్పుడల్లా, పాపకు నా మాటలు నచ్చలేదని ఇక్కడ పెద్ద పెద్ద మనుషులు తలలు పట్టుకుంటున్నారు. నువ్వు నా కోసం కూర్చోబెట్టిన జనమే నా కుర్చీ లాగేస్తున్నారు.

నేనిప్పుడు ఆఫీసులో చెబితే మీ ఇల్లు బయటపడుతుంది, బంధువుతో కలిసి మోసం చేశానంటారు. చెప్పకపోతే మాటలు తీసేస్తారు. ఒక్కటే దారి ఉంది. ఎవరి నంబరు వాళ్లు నొక్కండి. బయటివాళ్లకు అతిథి బొత్తాలుంటాయి, వయసు అడుగుతుంది, నిజం నొక్కమను. చూసేది పిల్లలు కాదని తెలిస్తే లెక్క తనంత తనే సరిపోతుంది. పాప మాయమైతే నా మాటలు బతుకుతాయి.

ఈ ఉత్తరం చదవగానే చించెయ్. అమ్రోలి వాళ్ల ఇంటికి మళ్లీ వెళ్లకు.

కంగారులో,
వంశీ


బమ్రోలి
22 సెప్టెంబర్ 2024

అల్లుడికి, తొమ్మిదేళ్ల పాప ఆశీర్వదించి రాసేది,

చించెయ్యమన్నావు, చించాను. చించే ముందు నాగభూషణానికి, ఆ తర్వాత మిగతావాళ్లకు చదివి చెప్పాను. ఏం చించుతున్నామో తెలియకుండా చించడం పద్ధతి కాదు.

తర్వాత నాగభూషణం మీసం దువ్వుకుని, "నాకు రెండు జెడలేసిన్రా?" అని అడిగాడు. రిబ్బన్లు ఏ రంగువని కూడా అడిగాడు. నువ్వు రాయలేదు.

మీ అత్తమ్మ మాత్రం నన్ను వదల్లేదు. "చాయ్ చక్కెర నాది, పాలు నాయి, పోరని నౌకరి మీరు మింగుతరు! ముసలోళ్లయిన్రు, జర అక్కల్ ఉండొద్దా?" అంది. ఆమె అరిచిందో మెల్లగా అందో నాకు తెలియదు గాని, పెదాలు మాత్రం బాగా పెద్దవిగా కదిలాయి.

మర్నాడు బొత్తాలు నొక్కే కార్యక్రమం పెట్టుకున్నాం. నంబరు నొక్కడమంటే మనవాళ్లకు సంతకం పెట్టడం లాంటిది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి, చేతులు లుంగీకి తుడుచుకుని నొక్కారు. వయసు దగ్గర కొంచెం గొడవైంది. నాగభూషణం తక్కువ చెప్పబోయాడు. వాడి పెళ్లికి వడ్డించినవాడు అక్కడే ఉన్నాడు, ఒప్పుకోలేదు. చివరికి అందరం నిజమే నొక్కాం. నేను కూడా నా ఒకటో నంబరు నొక్కాను. సాయంత్రం భావన వచ్చి చూసి, "తాతా, ఇన్నాళ్లకు మీరు నియమాన్ని పాటించారు," అంది.

అల్లుడూ, ఇప్పుడు లెక్క శుభ్రంగా ఉంది. ఇందులో ఒక్క అబద్ధం లేదు. ఇక నీ మాటలకు ఢోకా లేదని మీ అమ్మకు కూడా చెప్పించాను. ఇవాళ చారులో ఉప్పు సరిపోయింది.

నిజం నొక్కిన,
నీ మామ అంబదాస్


హైదరాబాద్
20 అక్టోబర్ 2024

మామకు దండాలు,

ఆలస్యానికి ఏమనుకోకు. ఎలా రాయాలో తెలియక ఆగాను.

మీరు నిజం నొక్కిన తర్వాతి పట్టిక వచ్చింది. సూరత్ పాప లేదు. ఆమె చోట, అరవై దాటిన మగవాళ్లు ఒక గుంపుగా పొద్దున్నే ఏనుగు పిల్ల బొమ్మ చూస్తున్నట్టు ఉంది. లెక్కలు కట్టే కంపెనీ వాళ్లు దాన్ని చూసి, "ఇది అసంభవం, ఎవరో యంత్రాన్ని చెడగొట్టారు" అని తేల్చారు. ఆ లెక్కంతా కొట్టేశారు. ఇన్నాళ్లూ లేని పిల్లను ఉందంటే ఒక్కరూ అనుమానించలేదు మామా. ఉన్న మీరు ఉన్నామంటే నమ్మలేదు. కాబట్టి పాత లెక్కే ఖాయం అంది కంపెనీ.

ఆఫీసులో సంతాపంలాంటిది జరిగింది. పాపను పోటీ ఛానెల్ ఎత్తుకుపోయిందని ఉమాకాంత్ గారి నమ్మకం. మాటలు పూర్తిగా తీసేస్తే తిరిగి వస్తుందట.

అప్పుడు నేను ఆయన గదిలోకి వెళ్లి మొత్తం చెప్పేశాను. మీ ఇంటి సంగతి తప్ప, మా బంధువులని తప్ప, అన్నీ చెప్పాను. చెవులు పోయిన నేతపనివాళ్లు, పెదాలు చదవడం, చాయ్, మీసాలు, అన్నీ. ఆయన శ్రద్ధగా విన్నారు. చివరికి నా భుజం మీద చేయి వేసి, "ఎంత చక్కటి ఊహ వంశీ! ఇంత ప్రతిభను మేం వాడుకోలేకపోయాం," అన్నారు. ఆయన కళ్లు కూడా చెమర్చాయి. ఆ మర్నాడే ఉత్తర్వు ఇచ్చారు. దీపావళి నుంచి తూనీగలో మాటలు ఉండవు. సంగీతం, నవ్వులు, దబదబలు మాత్రమే. నాదీ, గొంతులిచ్చేవాళ్లదీ ఉద్యోగం ఈ నెలాఖరు దాకా.

నీ మీద నాకు కోపం లేదు. నిజంగా లేదు. నా కోసం వాన నీళ్లలో ప్యాంట్లు మడుచుకుని వచ్చినవాళ్లు ఇక్కడ ఒక్కరూ లేరు. అమ్మకు నువ్వే చెప్పించు, నాకు నోరు రావడం లేదు.

భావన ఇంకా అలాగే మాట్లాడుతోందా?

నీ అల్లుడు,
వంశీధర్


బమ్రోలి
10 నవంబర్ 2024

అల్లుడు వంశీధర్‌కు, మామ సూటిగా మొహం చూపించలేక కాగితం అడ్డం పెట్టుకుని రాసేది,

దీపావళి సెలవులకు కార్ఖానాలు మూతపడ్డాయి. సూరత్ మొత్తంలో సాంచాలు ఆగిపోయే రోజులు ఇవే. అందరూ ఎంత నిశ్శబ్దంగా ఉందో అంటారు. నాకు మాత్రం కాళ్ల కింద నేల వణకడం ఆగిందని తెలుస్తుంది, అంతే. సగం మంది ఊళ్లకు పోయారు. నాగభూషణం పోలేదు.

మీ అమ్మకు చెప్పించాను. ఏడ్చిందట. తర్వాత, "అన్నకు అప్పజెప్తె గిట్లనే ఐతది" అందట. ఈ ముక్క మీ అత్తమ్మ చాలా స్పష్టంగా, రెండుసార్లు చెప్పింది.

నీ కొలువు మింగింది మేమేనని ఒప్పుకుంటాను. దానికి బదులుగా ఇవ్వడానికి నా దగ్గర ఏముంది? సాంచ నేర్పుతానంటే నువ్వు నవ్వుతావు. సాంచ ఏడుస్తుంది. కాబట్టి నువ్వడిగిన దానికి జవాబు మాత్రం చెబుతాను.

మీ తూనీగలో ఇప్పుడు ఎవరూ మాట్లాడరు. అగ్నిదళం పిల్లాడు నోరు ఆడిస్తాడు, మాట రాదు. భావనకు ముందు ఏడుపొచ్చింది. టీవీ పాడైందని సంపత్‌తో రెండుసార్లు వైరు పీకించింది. మూడో రోజు టీవీ పక్కన నిలబడి, వాళ్లందరి మాటలూ అదే మాట్లాడటం మొదలుపెట్టింది. ఆ గున్నయ్య మళ్లీ కుండలో తొండం పెట్టాడు. భావన నడుము మీద చేయి పెట్టుకుని, అచ్చం మీ అత్తమ్మలాగా, "ఏందిర గున్నయ్యా! గా కుండల ఏమున్నదని ముక్కు వెడ్తవ్? జర అక్కల్ ఉన్నదా?" అంది. వెంటనే గొంతు మార్చి, గున్నయ్య తరఫున, "మిత్రమా, నన్ను మన్నించు. తక్షణం నన్ను గుంజు!" అంది. మధ్యలో ఎక్కడో గుజరాతీ కూడా దొర్లింది. మీ అత్తమ్మ వంటింట్లోంచి గరిటతో సహా వచ్చి నిలబడింది.

"గిదేందే, నన్నే దించుతాంది!" అంది. కోపంగా అందామనుకుంది గాని కుదరలేదు.

గొంతు మార్చిందని నాకు చెప్పింది మీ అత్తమ్మే. మాటలు మాత్రం నేనే చదువుకున్నాను. అది నిజం పెదాలతో మాట్లాడుతోంది గనక నాగభూషణానికీ అక్షరం పోకుండా అందింది. ఇప్పుడు వాడు టీవీకి వీపు పెట్టి, పిల్ల వైపు తిరిగి కూర్చుంటున్నాడు. నిన్న అగ్నిదళం కూడా చివరిదాకా చూశాడు. చూసి, "మంచిగనె ఉన్నది గదరా. మనమే గుర్తువట్టలె" అన్నాడు. ఇది నీకు కూలి కాదు, నాకు తెలుసు. అయినా రాశాను.

ఖాళీగా ఉన్నన్నాళ్లు ఇటు వచ్చి ఉండు. డుమస్ పోదాం. పోదాం పా అని భావనతో నువ్వే అను, ఏం చెబుతుందో చూద్దాం.

ఎదురుచూసే,
మామ అంబదాస్

ఉత్తరం మడిచాక ఇది రాస్తున్నాను. ఇప్పుడే ఆ డబ్బా మనుషులు వచ్చారు. మొదట వచ్చిన ఇద్దరే. ఏమీ అడగలేదు, మంచినీళ్లు తాగారు, మరలు విప్పి డబ్బా సంచిలో వేసుకుని పోయారు. టీవీ బల్ల మీద అది ఉన్నంత మేర దుమ్ము పడలేదు. మీ అత్తమ్మ తడిబట్ట తెచ్చి బల్లంతా తుడిచింది.